పొద్దు గూకాక పనికొచ్చే సైకిలు

1923 అక్టోబరు 21, ఆదివారం

దొర నోట వచ్చిందే శాసనం. వచ్చే నెల నుంచి నేత హాలు మేస్త్రీ, అంటే నేను, మిల్లు మొదటి కూతకంటే ముందే లోపల ఉండి, మగ్గాల పట్టీలన్నీ చూసుకోవాలట. కూత కూశాక వచ్చే మేస్త్రీ తనకి అక్కర్లేదట. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు నా మీద లేదు. నా వెనక నిలబడ్డ మునియప్పన్ మీద ఉంది. మునియప్పన్ నా చేతికింద పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు నా చోటుకే ఎసరు పెడుతున్నాడని నా అనుమానం.

మా కదిర్కామం నుంచి మిల్లుకి నడిచి వెళ్ళాలంటే చీకటితోనే బయల్దేరాలి. చీకట్లో నడవడం నాకు గిట్టదు. బురద, పాములు, కుక్కలు. సైకిలు ఉంటే తెల్లవారాక బయల్దేరినా కూతని అందుకోవచ్చు. సాయంత్రం ఎలాగూ చీకటి పడ్డాకే వదులుతారు. దానికి మంచి దీపం ఒకటి తగిలించుకుంటే సరి.

మా ఆవిడ కనగంతో చెప్పాను. "సైకిలా మామా? నీకా?" అంది. ఆ "నీకా" నాకు నచ్చలేదు. ఈ ఇంట్లో తెలుగు అక్షరం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. నాకేం తక్కువ?

అక్టోబరు 28, ఆదివారం

కోసపాళయంలో మాడసామి సైకిలు కొట్టుకి వెళ్ళాను. మూడు బండ్లు బయటికి లాగాడు.

ఒకటి ఫ్రెంచి బండి. సన్నటి టైర్లు, వంగిన హ్యాండిలు. రెండు వేళ్ళతో పైకెత్తవచ్చు. రెండోది ఇంగ్లీషు బండి, నల్లగా గేదెలా ఉంది. మడ్‌గార్డులు, గొలుసుకి డబ్బా, ఇనప కడ్డీల బ్రేకు. మూడోది పాదిరి స్వామి వాడి వదిలేసిన బండి. ఆయన అంగీ మడమల దాకా వేలాడుతుంది కదా, అందుకని మధ్యలో అడ్డకమ్మీ లేదు. వెనక ఇంత వెడల్పున క్యారియరు.

"అన్నా, నా మాట విను. వానకాలానికి ఈ పాదిరి బండే సరి. టైరు లావు, బురదలో జారదు. పంచె తగులుకోదు. వెనకాల వదినెని కూడా కూర్చోబెట్టుకోవచ్చు" అన్నాడు మాడసామి.

"నేను పాదిరినీ కాను, ఆడదాన్నీ కాను" అన్నాను. కొట్లో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆ ఊపులో ఫ్రెంచి బండి తీసుకున్నాను. నెల రోజులు తిప్పి చూడమన్నాడు, సరిపడకపోతే మార్చి ఇస్తాడట.

మధ్యాహ్నం ఎండలో సముద్రం దాకా తొక్కి వచ్చాను. గాలిలో తేలినట్టే ఉంది. చిన్నప్పుడు నేర్చిన విద్య, మరిచిపోలేదు.

నవంబరు 5

పొద్దున కూతకంటే చాలా ముందే చేరాను. దొర తలాడించాడు.

సాయంత్రం పడ్డాను. కదిర్కామం మలుపులో కాలువ ఉందన్న సంగతి నాకు తెలియనిది కాదు. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది. దీపం మంచిది కాదు. వత్తి పొగ తప్ప వెలుగు ఇవ్వడం లేదు. మోకాలు చెక్కుకుపోయింది.

ఈ ఏడు చీకటి ఎందుకో తొందరగా పడుతోంది. మబ్బులు.

నవంబరు 7

దీపావళి. టపాకాయల వెలుగు బాగానే కనిపించింది. కళ్ళకేం లేదు.

నవంబరు 11

మాడసామి దగ్గర నూనె దీపం తిరగ్గొట్టి కార్బైడు దీపం పెట్టించాను. లోపల రాళ్ళు, వాటి మీద బొట్టు బొట్టుగా నీళ్ళు పడితే గ్యాసు పుట్టి తెల్లగా మండుతుంది. పాడు కంపు. కానీ ఊరు ఊరంతా కనబడాలి, అంత వెలుగు.

కనగానికి ఇప్పుడు నాలుగో నెల. వేవిళ్ళు తగ్గాయి. కార్బైడు కంపుకి మళ్ళీ వాంతి చేసుకుంది. సైకిలు వాకిట్లోనే పెట్టమంది.

నవంబరు 14

దీపాలు పెట్టే వేళ చెంబు ఎక్కడ పెట్టి చచ్చావని కనగాన్ని కసిరాను. నా కాలి దగ్గరే ఉందట. అది చెంబు నా చేతికి అందించింది. తిట్టినా బాగుండేది.

నవంబరు 18, ఆదివారం

ఫ్రెంచి బండి ఇచ్చేసి ఇంగ్లీషు బండి తెచ్చాను. ఫ్రెంచి బండికి వానలో బ్రేకు పట్టదు, టైరు సన్నం, హ్యాండిలు వంకర. ఇవన్నీ చెబుతుంటే మాడసామి విని, "ఆడలేనమ్మ మద్దెల ఓడు అందంట" అన్నాడు. హాస్యానికే అన్నాడు. నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చేసరికి మా పిల్ల పూంగొడి గోడ పట్టుకుని నిలబడి ఉంది! నిరుడు ఆడి నెల, అంటే ఆషాఢంలో, వచ్చిన జ్వరంలో పిల్ల మూడు వారాలు కళ్ళు తెరవలేదు. జ్వరం విడిచింది గానీ కాళ్ళు నిలవలేదు. ఆనాడు పెరుమాళ్ళ గడపలో తల కొట్టుకుని మొక్కాను: పిల్ల తన కాళ్ళతో నీ మెట్లెక్కే దాకా నీచు ముట్టను, పాడి ముట్టను, పచ్చనాకు ముట్టను, గంజీ ఉప్పుతోనే ఉంటాను అని. పసుపు గుడ్డలో ముడుపు కట్టి దూలానికి వేలాడదీశాను. ఏడాది దాటింది. గంజి నాలుకకి అట్టలా తగులుతోంది. అయినా ఈ రోజు ఆ గంజి అమృతంలా తాగాను. నిలబడింది! ఇంక నడవడమే తరువాయి.

నవంబరు 23

ఇంగ్లీషు బండి బరువు. కానీ ఒక కిటుకు కనిపెట్టాను. ఉల్లిపాయల బండ్లు సాయంత్రం వరసగా కదిర్కామం వైపు వెళ్తాయి, ప్రతి బండి కిందా లాంతరు వేలాడుతుంది. ఆ లాంతరు మీదే చూపు పెట్టి వెనకాలే మెల్లగా తొక్కితే ఇల్లు వస్తుంది. సైకిలు ఎద్దుల బండి వెనక ఈడ్చుకుంటూ పోవడం చూసి పిల్లకాయలు ఎగతాళి చేశారు. చేయనీ.

మునియప్పన్ ఒకడు తగులుకున్నాడు. రోజూ సాయంత్రం లాంతరు పట్టుకుని నా పక్కనే నడుస్తున్నాడు. వాడి ఇల్లు అటు కాదు. "యాడికిరా ఇటు?" అంటే, "ఊరికే మేస్త్రీ, గాలికి" అంటాడు. ఎవడు గాలికి వానలో తిరుగుతాడు? నేను ఎక్కడ తప్పు చేస్తానా అని కాచుకుని ఉన్నాడు. దొరకి చేరవేస్తాడు.

నవంబరు 29

రాయక తప్పదు.

ఈ సాయంత్రం ఎద్దుల బండి దొరకలేదు. మునియప్పన్‌ని కూడా కసిరి వెనక్కి పంపాను. వాన వెలిసింది. దీపం తెల్లగా మండుతోంది, ఆ విషయం నేను ఒట్టేసి చెప్పగలను. కోసపాళయం దాటుతుండగా ఏదో మెత్తగా తగిలింది. తర్వాత కేక. వెళ్ళైయమ్మాళ్. పొద్దున మిల్లు గేటు దగ్గర ఆవిరి మీద ఉడికించిన పుట్టు అమ్మే ముసలావిడ. గంప పడిపోయింది, చెయ్యి ఆమె ఒంటి కింద మడతపడింది.

జనం చేరారు. "తెల్లకోక కట్టుకోని నడి రోడ్లో పోతాండాది, నీకు కండ్లు లేవా అయ్యా? ఇంత దీపం పెట్టుకోనుండావే!" అని ఒకడు నా గల్లా పట్టుకున్నాడు. అప్పుడు వెనక నుంచి మునియప్పన్ గొంతు: "బ్రేకు జారిందప్పా! నేను చూస్తానే ఉండా. తడి రోడ్డు, బండి నిలవలా." వాడు వెనక్కి పోలేదు, దూరంగా నా వెంటే వచ్చాడు. ముసలామెను ఇద్దరం కట్టుకట్టే వైద్యుడి దగ్గరికి మోసుకెళ్ళాం. మణికట్టు విరిగింది. దారి పొడుగునా ఆమె నన్ను తిట్టలేదు, చెయ్యి పట్టుకుని "అమ్మా అమ్మా" అనుకుంటూనే ఉంది.

తిరిగి వస్తుంటే మునియప్పన్ నా సైకిలు తను పట్టుకుని, లాంతరు నాకిచ్చాడు.

"మేస్త్రీ, బ్రేకు జారలేదు గదా."

లాంతరు పైకెత్తి దారి చూసుకుంటూ నడిచాను.

"మా అమ్మకి కూడా ఇదే. మాలకన్ను. పొద్దు గూకితే గోడ తడుముకోనే నడుస్తాది. నువ్వు హాల్లో పొద్దు వాలంగానే మగ్గాలు పట్టుకోని నడిచేది చూసినా. అప్పుడే తెలిసిపోయింది."

"దొరకి చెప్పావా?"

"చెప్పేదయితే రోజూ నీ పక్కన ఏంటికి నడుస్తా మేస్త్రీ?"

నవంబరు 30

రేచీకటి. రాశాను. ఇక్కడైతే రాయగలిగాను.

డిసెంబరు 2, ఆదివారం

పొద్దున వెళ్ళైయమ్మాళ్‌ని చూసి వచ్చాను. ఆమె కోడలు భాగ్యం వాకిట్లోనే అడ్డం నిలబడి, "బ్రేకు బాగు చేయించుకుంటివా?" అంది. చేయించానన్నాను.

ఇంటికొచ్చి కనగం ముందు కూర్చుని చెప్పేశాను. అది పిల్ల కాళ్ళకి నూనె రాస్తూ తల ఎత్తలేదు.

"నాకు తెలుసు మామా. ఐదారు నెలలుగా తెలుసు. నువ్వు వచ్చే దారిలో పీటా, రోకలీ ఏదీ పెట్టను. నీకు కుడిపక్కనే చెంబు పెడతా. ఆ దినం పిల్ల జరిపేసింది."

నాకు ఏడుపొచ్చింది. దాని ఎదుటే ఏడ్చాను.

మునియప్పన్ చెప్పిన మందు దానికీ తెలుసు. మేక కార్జం. అది లేకపోతే పాలూ, పొన్నగంటి కూరా. మొక్కుకున్న దేవుడు నా కళ్ళకి కావలసినవే ఏరి ఏరి కట్టేసినట్టున్నాడు. కాదు, ఏరింది నేనే. ఏది కష్టమైతే అది ఇస్తేనే మొక్కు అనుకున్నాను.

"తిను" అంది కనగం.

"పిల్ల?"

"నీ కళ్ళు పోతే ఉద్యోగం పోతాది. ఉద్యోగం పోతే పిల్లకి ఏంది పెడతావు?"

"నిన్ననేగా రెండు చేతులూ వదిలి నిలబడింది. ఇప్పుడు మొక్కు తప్పి మళ్ళీ పడిపోతే? నేను తినను కనగం. గుడ్డివాణ్ణయినా సరే, తినను."

ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం. పూంగొడి బెదిరి ఏడ్చింది.

డిసెంబరు 4

కనగం తన పెద్దమ్మ జయమ్మాళ్‌ని తోడు తీసుకుని పెరుమాళ్ళ గుడికి వెళ్ళొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అయ్యంగారు చెప్పినాడు మామా. కడుపుతో ఉండే ఇంట్లో మగోడు పస్తులుండకూడదంట. నీ మొక్కుని దీపం మొక్కుకి మార్చినాడు. శనివారం శనివారం నేను దీపం పెడితే చాలంట."

పెరుమాళ్ళు ఇంత తేలిగ్గా వదులుతాడా అనిపించింది. పెద్దమ్మ వైపు చూశాను. ఆమె తమలపాకులు తుడుచుకుంటూ కూర్చుంది. ఇంకొకటి అడగబోయి మానేశాను. అడిగితే మళ్ళీ గంజే కదా.

దూలానికి ఉన్న ముడుపు దించి, కొత్త పసుపు గుడ్డలో మళ్ళీ కట్టింది.

డిసెంబరు 10

మునియప్పన్ పొద్దున్నే ఆకులో చుట్టి కార్జం తెచ్చి ఇస్తున్నాడు. కనగం మిరియాలు వేసి వేపుతుంది. ఏడాదిన్నర తర్వాత మొదటి ముద్ద. నోరూరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గు లేకుండా రెండోసారి అడిగి తిన్నాను.

పిల్ల కాళ్ళని పొద్దునా సాయంత్రం ముట్టుకుని చూస్తున్నాను. గట్టిగానే ఉన్నాయి.

డిసెంబరు 19

పిల్లి! పొద్దు గూకాక, పొయ్యి ఆరిపోయాక, గాదె పక్కన పిల్లి కనిపించింది. కనగాన్ని పిలిచి చూపించాను. "ఊఁ, పిల్లే" అని నవ్వింది. బయటికొచ్చి ఆకాశం చూశాను. నక్షత్రాలు. ఎన్నాళ్ళయింది!

1924 జనవరి 9

సైకిలు మీద రాజాలా వస్తున్నాను. మునియప్పన్‌ని ఇక రావద్దన్నాను. ఈసారి కసరకుండా, భుజం మీద చెయ్యి వేసి చెప్పాను. వాడి గురించి వెనక పేజీల్లో రాసినవి చదివితే నాకే ఒళ్ళు మండుతోంది.

మాడసామి మళ్ళీ పాదిరి బండి పాట ఎత్తుకున్నాడు. "వదినె కడుపుతో ఉండాది, వెనకాల కూర్చోబెట్టుకోని గుడికీ ఆస్పత్రికీ పోవద్దా?" అంటాడు. ఊరంతా నవ్వాలని వీడి కోరిక. ఇంగ్లీషు బండే ఖాయం చేశాను.

జనవరి 20, ఆదివారం

పూంగొడి నాలుగడుగులు వేసింది! గాదె నుంచి గుమ్మం దాకా, ఎవరినీ పట్టుకోకుండా. కనగం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వచ్చే నెల పిల్ల గుడి మెట్లెక్కుతుంది చూడు అన్నాను. "ఎక్కుతాది. ఎక్కాలి" అంది.

జనవరి 27

కనగం చిక్కిపోయింది. కడుపు ముందుకు వచ్చింది, మొహం పీక్కుపోయింది. ఆరో నెల దాటాక కొందరు అలాగే అవుతారంది పెద్దమ్మ. అనేసి చటుక్కున లేచి వెళ్ళిపోయింది. నేను నెయ్యి తెచ్చి పెట్టాను. నేను తిని లేచాకే కనగం తింటుంది కాబట్టి ఎంత వేసుకుందో నాకేం తెలుసు? ఏ ఇంట్లోనైనా అంతేగా. మగవాడు కూర్చుని ఆడవాళ్ళ కంచం చూడడు.

ఈ మధ్య పొద్దుండగానే వంట ముగించేస్తోంది. మంచి అలవాటు. నూనె మిగులుతుంది.

ఫిబ్రవరి 3

కనగం కొత్త కుండ పగలగొట్టింది. గడప తగిలిందట. "ఆ గడప మనింట్లో ఎప్పుడు పెట్టారు?" అని వేళాకోళం చేశాను. నవ్వింది.

ఫిబ్రవరి 12

ఈ మధ్య సరదా కొద్దీ వీధి మొదట్లో దీపం ఆర్పేసి, మిగతా దారి చీకట్లోనే తొక్కుతున్నాను. కళ్ళు నావని గర్వం. ఈ సాయంత్రమూ అంతే చేశాను. పూర్తిగా చీకటి కూడా పడలేదు. పడమట ఇంకా ఎర్రగా ఉంది. కనగం వాకిట్లో నిలబడి నాకోసం చూస్తోంది. ఎర్రకోక, నుదుటి బొట్టు, నడుము మీద చెయ్యి. అన్నీ కనిపిస్తున్నాయి. గంట కొట్టకుండా దగ్గరికి వచ్చి, సైకిలు దిగి, దాని ఎదురుగా నిలబడ్డాను. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. నవ్వుతున్నాను కూడా.

కనగం సూటిగా నా మొహంలోకి చూసింది.

"ఎవరది?" అంది.

అది చెయ్యి చాపి గాలిలో తడిమింది. "ఎవరది? మామా, నువ్వేనా?"

సైకిలు వదిలేశాను, పడిపోయింది. నేరుగా వంటింట్లోకి వెళ్ళి దాని కుండ మూత తీశాను. గంజి. పక్కన ఉప్పు. నేను తెచ్చిన నెయ్యి గిన్నె నిండుగా, మూత కూడా తీయకుండా ఉంది.

"ముడుపు నా పేరుతో కట్టినా" అంది వెనక నుంచి, గోడ పట్టుకుని. "అయ్యంగారు ఏమీ చెప్పలా. ఆయన్ని నేను అడగనే లేదు. మొక్కు ఇంటిది మామా. నువ్వు మోయలేకపోతే నేను మోస్తా. నీ కళ్ళు వచ్చినాయి, పిల్ల నడస్తాంది. ఇంక కొన్ని దినాలే. మెట్లెక్కితే అయిపోతాది."

"లోపల బిడ్డ ఉందే!"

రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. నాకంటే ముందే అది ఆ ప్రశ్న వేసుకుని ఉంటుంది.

నేను రెండోసారి అడిగి మరీ కార్జం తిన్నాను. అడిగితే మళ్ళీ గంజే అని రాసింది నేనే. నేను అడగలేదు, గంజి దాని వంతయింది.

ఫిబ్రవరి 13

పనికి వెళ్ళలేదు. హాలు చూసుకోమని మునియప్పన్‌కి చెప్పి పంపాను. దొర ఏమన్నా అననీ. వాడు చేస్తే బాగానే చేస్తాడు.

తెల్లవారగానే మాడసామి కొట్టుకి వెళ్ళి ఇంగ్లీషు బండి ఇచ్చేసి పాదిరి బండి అడిగాను. నా మొహం చూసి వేళాకోళం మాని, క్యారియరు మీద గోనెసంచి మడత పెట్టి కట్టి ఇచ్చాడు.

కనగాన్ని వెనక కూర్చోబెట్టాను. పూంగొడిని పెద్దమ్మ ఎత్తుకుంది. నేను తొక్కలేదు, సైకిలు పట్టుకుని నడిచాను. వీధిలో నవ్వినవాళ్ళు నవ్వారు. పక్కింటి మునెమ్మ అరుగు మీద నుంచి "పాదిరి పెండ్లికూతురు" అంది. కనగం తల వంచుకుంది. నాకు ఎవరి మీదా కోపం రాలేదు, నా మీద తప్ప.

గుడి దగ్గర పిల్లని దింపాం. మూడు మెట్లెక్కింది. నాలుగోదాని దగ్గర కూర్చుండిపోయి చేతులు చాచింది. "కొంచెం ఆగు మామా, ఎక్కుతాది, వచ్చే వారానికి ఎక్కుతాది" అని కనగం నా చొక్కా పట్టుకుంది. నేను పిల్లని ఎత్తుకుని మిగతా మెట్లు ఎక్కాను. దూలం నుంచి దించి తెచ్చిన ముడుపు విప్పి హుండీలో వేశాను. స్వామీ, మొక్కింది నేను, తప్పుతున్నదీ నేనే, కోపం వస్తే నా కళ్ళు ఇక్కడున్నాయి అని పైకే అన్నాను. అయ్యంగారు వింతగా చూశాడు. భయం లేదని రాస్తే అబద్ధం. పిల్ల కాళ్ళు ఇప్పటికి పదిసార్లు ముట్టుకుని చూశాను.

ఇంటికొచ్చాక కనగానికి ముందు వడ్డించాను. కార్జం, నెయ్యి, పొన్నగంటి కూర. మగవాడు చూస్తుంటే తినలేనంది. లేచి పొమ్మంది. పోలేదు. కంచం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుని చూశాను. అది ఏడుస్తూ తింది. నేను ఆ తర్వాత తిన్నాను.

పొద్దు గూకింది. వాకిట్లో గోడ పక్కన నిలబడి, "కనగం, నేను యాడున్నా?" అని ఒక్కసారి అడిగి, చప్పుడు చెయ్యకుండా సైకిలు దగ్గరికి జరిగాను.

కళ్ళు చికిలించి, నేను లేని గోడవైపే చూపించింది.

రేపు మళ్ళీ అడుగుతాను.